మంచు వారం తర్వాతి సోమవారం

2023 ఫిబ్రవరి 6. తెల్లవారడానికి ఇంకా అరగంట ఉంది. డాలస్‌కు ఉత్తరాన కాలిన్ కౌంటీలో, ఒక హైస్కూలు పిల్లలు జంతువులను పెంచే కొట్టం ముందు మీరు కారు ఆపారు. దిగగానే బూట్ల కింద ఇసుక కరకరమంటుంది. పోయిన వారం బళ్ళు జారకుండా చల్లిన ఇసుక. మంచు కరిగిపోయింది, ఇది మిగిలింది.

తలుపు తోస్తే ముందు వాసన తగులుతుంది. చెక్కపొట్టు, దాణా, తడిసిన పేడ. పొడవాటి రేకుల షెడ్డు, రెండు పక్కలా ఇనుప కమ్మీల గదులు. ఈ పక్క పందులు, ఆ పక్క మేకలు, గొర్రెలు, చివర్న రెండు కోడెదూడలు. ట్యూబులైట్ల కింద ఏడెనిమిది మంది పిల్లలు రబ్బరు బూట్లేసుకుని బకెట్లు మోస్తున్నారు. నిద్రమొహాలు. ఒకడి చెవుల్లో పాట మోగుతూనే ఉంది.

మీ పక్కనే ఒక పెద్దాయన కమ్మీ పట్టుకుని లోపలికి చూస్తున్నారు. తెనాలి దగ్గర పల్లెటూరు ఆయనది. కూతురింటికి ఆరు నెలలుందామని వచ్చారు. పంచె మీద అల్లుడి జాకెట్టు, తలకు మఫ్లరు. పదకొండో తరగతి చదివే మనవరాలు గదిలో గొర్రెపిల్ల మూతి పట్టుకుని నిలబడింది. దాని ఒంటికి మెడ నుంచి తోకదాకా బిగుతుగా సాగే గుడ్డ చొక్కా.

"ఏందమ్మా ఇది? గొర్రెకి చొక్కా తొడిగారా?"

"ఉన్ని మొత్తం తీసేస్తాం తాతయ్యా. షోలో జడ్జి చేత్తో పట్టుకుని కండ చూస్తాడు. ఉన్ని లేకపోతే దానికి చలేస్తది కదా. పోయిన వారం ఒకదాని మీద ఒకటి రెండేశాం."

పెద్దాయన కమ్మీల మధ్య నుంచి చెయ్యి పెట్టి గొర్రె వీపు మీద బొటనవేలితో నొక్కుకుంటూ పోయారు. నలభై ఏళ్ళు గేదెల్నీ గొర్రెల్నీ అంచనా కట్టిన చెయ్యి అది, అద్దాలు అక్కర్లేదు. "నడుం కాడ ఇంకాస్త రావాల," అన్నారు. పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. వాళ్ళ వ్యవసాయం టీచరు శుక్రవారం ఇదే మాట అన్నారట.

పోయిన వారం బడి మూశారన్న సంగతి ఈ కొట్టానికి తెలియదు. జనవరి 30 సోమవారం మధ్యాహ్నం మొదలై, విడతలు విడతలుగా గురువారం దాకా పడింది. దాన్ని మంచు కురవడం అనడానికి కూడా లేదు. పైన వెచ్చటి గాలి పొరలో వానై, నేలకు దగ్గరి చలిలో మళ్ళీ గట్టిపడి, చేటలోంచి నూక పోసినట్టు టపటప రాలే పలుకులవి. మధ్యమధ్య పడినచోటే గడ్డకట్టే వాన. రాత్రికి దాని మీద ఇంకో పొర. ఫోన్లకు సందేశం వచ్చింది: రేపు బడి లేదు, ఆటలూ రిహార్సళ్ళూ కూడా లేవు. తాళం వేసిన భవనానికి సెలవంటే సరిపోతుంది, గొర్రె పొద్దున్నే నీళ్ళడుగుతుంది. బకెట్లలో నీళ్ళు రాయిలా గడ్డకడితే సుత్తితో కొట్టి తీశారు. పైపులు పగలకుండా రబ్బరు గొట్టాల్లో నీళ్ళన్నీ వంచేసి, ప్రతిసారీ బకెట్లతోనే మోశారు. పెద్ద ట్రక్కులున్న ఇళ్ళవాళ్ళు వంతులేసుకుని తక్కినవాళ్ళ జంతువులకూ దాణా పెట్టారు. ఈ పిల్లను వాళ్ళ నాన్న కారు తీయనివ్వలేదు. తనే లాప్‌టాప్ మూసి, ఇంటి నుంచి రెండు మైళ్ళు నడక వేగంతో నడిపి తీసుకొచ్చేవాడు. గురువారానికి ఆయనకు కూడా గొర్రెల పేర్లు తెలిసిపోయాయట.

ఫోర్ట్ వర్త్‌లో 1896 నుంచి జరుగుతున్న పశువుల ప్రదర్శన మొన్న శనివారంతో అయిపోయింది. ఇప్పుడు అందరి కళ్ళూ హ్యూస్టన్ మీద. ఫిబ్రవరి 28న మొదలవుతుంది. గెలిచిన జంతువును వేలం వేస్తారు, ఆ డబ్బు పిల్లల కాలేజీకి పోతుంది.

"అమ్మేస్తారా అయితే?" తాతయ్య గొంతు తగ్గించి అడిగారు, గొర్రె వింటుందేమోనన్నట్టు.

"అమ్మాలి తాతయ్యా."

"ఏడుస్తావా?"

"పోయినేడు ఏడ్చా."

ఆయన ఇంకేమీ అనలేదు. అమ్మకపు సంతకు తోలుకుపోయే రోజు పొద్దున్న ఇంట్లో ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. దాణా బస్తా మూతి మళ్ళీ కట్టి పక్కన పెట్టారు, ముడి మాత్రం తెనాలి ముడి.

*

బడి దగ్గరికి వచ్చేసరికి ఎండొచ్చింది. పలచటి స్వెట్టరు చాలు. వారం కిందట గడ్డకట్టిన ఊరే ఇది. పార్కింగు మూలన నీడలో తోసి పోసిన మంచు కుప్ప ఒక్కటే ఇంకా మురికిగా మిగిలింది. పదహారేళ్ళ కుర్రాళ్ళు ఒక్కొక్కడూ ఒక్కో కారులో దిగి, ఆ కుప్పను కాలితో తన్ని లోపలికి పోతున్నారు. పసుపు బస్సులు వరసగా ఆగాయి.

ముందు తలుపు దగ్గర బజర్ నొక్కాలి. ఆఫీసులో మీ డ్రైవింగ్ లైసెన్సు స్కాన్ చేసి, మీ ఫోటోతో స్టిక్కరు అచ్చేసి చొక్కాకు అంటిస్తారు. అమెరికా బళ్ళలోకి ఎవరూ ఊరికే నడిచి వెళ్ళరు, కారణం బళ్ళలో జరిగే కాల్పులేనని అందరికీ తెలిసిందే. ఆఫీసు కౌంటరు ముందు క్యూ. వాచ్‌మన్ కాదు, క్లర్కు కాదు, తెల్లజుట్టు ఆవిడొకరు ఒంటిచేత్తో బడినంతా నడుపుతున్నట్టు మూడు ఫోన్లు మాట్లాడుతున్నారు. ఒక తల్లి తన కొడుకు శుక్రవారం రాలేదు, ఇంటి ముందు రోడ్డు ఇంకా జారుతూనే ఉంది, గైర్హాజరు కొట్టేయమంటోంది. ఇంకొకరి గొడవ గురువారం గడువు పెట్టిన వ్యాసం. బడే లేనప్పుడు గడువు ఉన్నట్టా లేనట్టా?

గంట మోగింది. నడవాలో ఉన్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. ముందు దేశపు జెండాకు ప్రతిజ్ఞ, తర్వాత టెక్సస్ జెండాకు విడిగా ఇంకో ప్రతిజ్ఞ, ఆ తర్వాత ఒక నిమిషం మౌనం. ఈ మూడూ ఇక్కడ చట్టం. రెండువేల మంది నిజంగానే ఒక నిమిషం నోరు మూసుకోవడం చూస్తే మన హెడ్మాస్టర్లకు కళ్ళు చెమరుస్తాయి.

మౌనం అయ్యాక తెర మీదికి ఇద్దరు విద్యార్థులు వచ్చారు. వార్తలు చదివేది వాళ్ళే. అబ్బాయి నవ్వాపుకుంటూ మొదలుపెట్టాడు: "అందరూ క్షేమంగా తిరిగొచ్చినందుకు సంతోషం, తిరిగి రావాల్సి వచ్చినందుకు విచారం." తరగతి గొల్లుమంది.

ఆపైన వార్తలన్నీ ఒక్క తీరే. జరగాల్సినవి జరగలేదు, ఇదిగో కొత్త తేదీ. కాలేజీ జట్లలో చోటు దొరికిన ఆటగాళ్ళు అందరి ముందూ సంతకం చేసే వేడుక ఏటా ఫిబ్రవరి మొదటి బుధవారం దేశమంతా జరుగుతుంది. ఈసారి ఫిబ్రవరి 1, సరిగ్గా మంచు మధ్యలో పడింది. కాగితాలు ఇళ్ళలోనే సంతకాలయ్యాయి, కేకూ ఫోటోలూ మాత్రం ఈ బుధవారం జిమ్‌లో. అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు ఆగిపోయిన ఆట ఇవాళ రాత్రి, రేపు రాత్రి ఇంకోటి. వాలెంటైన్స్ డేకు పూలు పంపాలనుకునేవాళ్ళు శుక్రవారంలోగా డబ్బు కట్టాలి. అది వాయిదా లేదు, ప్రేమికులు ఆలస్యం చేస్తే విద్యార్థి సంఘం పూచీ కాదు. వచ్చే ఏటి సబ్జెక్టుల ఎంపిక ఫారాలు ఇవాళే తెరుచుకుంటాయి. మంచినీళ్ళ సీసాలు, ఒక ట్రంపెట్ పెట్టె, ఒక ఎడమ బూటు దొరికాయి, ఎవరివో వచ్చి తీసుకోండి.

*

క్యాంటీన్‌లో ఉదయపు ఫలహారం దగ్గరికి రండి. తెరమీది వార్తల్లో లేని వార్త ఇక్కడుంది. సామాన్యంగా ఈ వేళకు సగం బల్లలు ఖాళీగా ఉంటాయి, ఇవాళ నిండాయి. వడ్డించే ఆవిడ ట్రేలో ఒక పిల్లాడికి అడక్కుండానే రెండో పండు పెట్టింది. ఉచిత భోజనానికి అర్హత ఉన్న పిల్లలకు బడి మూతపడిన రోజంటే రెండు పూటలు మూతపడినట్టు. వాళ్ళ అమ్మానాన్నల్లో చాలామందికి గంటల లెక్కన జీతం. హోటలు తెరవకపోతే ఆ గంటలు లేవు. ఈ చుట్టుపక్కల ఇళ్ళు చూస్తే ఇలాంటి వాళ్ళున్నారని అనిపించదు. మన తెలుగు కుటుంబాలకు అసలే కనిపించరు. మనవాళ్ళకు మంచు వారమంటే ఇంటి నుంచి ఆఫీసు పని, పకోడీలు, పిల్లలు వీధిలో అట్టముక్కల మీద జారడం. అదే వీధిలో మంచు వారం ఇంకోలా గడిచిన ఇల్లు ఉండొచ్చు.

నడవా చివర సింకుల దగ్గర బడి సిబ్బంది ఒకాయన కుళాయిలు ఒక్కొక్కటీ కట్టేస్తున్నాడు. వారమంతా అన్నిటినీ సన్నగా కారనిచ్చారట. పారే నీళ్ళు త్వరగా గడ్డకట్టవు, పైపులు పగలవు. మూసిన రోజుల్లో కూడా ఆయన వచ్చి రోజూ రెండుసార్లు గదిగదీ తిరిగాడు. "2021 అయ్యాక మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు," అంటాడు. ఆ ఏడాది ఫిబ్రవరి 16 పొద్దున డాలస్-ఫోర్ట్ వర్త్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో సున్నాకు పంతొమ్మిది డిగ్రీలు కింద. రాష్ట్రం మొత్తమ్మీద 45 లక్షల పైచిలుకు ఇళ్ళకు కరెంటు పోయింది. పోయిన ప్రాణాలు 246 అని రాష్ట్ర ఆరోగ్యశాఖే లెక్క తేల్చింది. బాగా డబ్బున్న రాష్ట్రంలో జనం ఇంట్లో చలికి చనిపోయారు. ఆ భయం మనసులో ఉంది కాబట్టే ఈసారి చినుకు పడకముందే బయటి కుళాయిలకు టోపీలు తొడిగారు, బళ్ళు కూడా ఆలోచించకుండా మూశారు. ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు ఇంత దానికే మూస్తారా అని నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళ ఊళ్ళో ప్రతి వీధికీ మంచు తోసే బండి వస్తుంది, ఇక్కడ రాదు. పైగా ఇక్కడ ఫ్లైఓవరు ఎక్కకుండా ఎక్కడికీ పోలేరు. నేల వెచ్చదనం అందని ఫ్లైఓవరే అన్నిటికంటే ముందు గడ్డకడుతుంది.

*

రెండో పీరియడ్. కౌన్సెలర్ గది బయట కుర్చీల్లో నలుగురు తల్లిదండ్రులున్నారు, అందులో ముగ్గురు తెలుగువాళ్ళు. వేడి కాఫీ కప్పులు, ఫోన్లో ఎక్సెల్ షీట్లు.

"మరి పోయిన రోజులు మళ్ళీ ఎప్పుడు పెడతారండీ?" ఒకాయన ఆదుర్దా. మన దగ్గర తుఫాను సెలవులిస్తే రెండో శనివారాలు బడి నడిపి పూడుస్తారు, ఆ లెక్క ఆయన బుర్రలో ఉంది.

ఇక్కడి లెక్క వేరు. 2015 నుంచి టెక్సస్‌లో బడి సంవత్సరాన్ని రోజుల్లో కాక నిమిషాల్లో కొలుస్తారు. ఏడాదికి 75,600 నిమిషాలు. 180 రోజుల్ని రోజుకు ఏడు గంటలతో గుణిస్తే వచ్చేది అదే. చాలా స్కూలు జిల్లాలు రోజూ చట్టం అడిగినదాని కన్నా కొన్ని నిమిషాలు ఎక్కువ నడుపుతాయి. ఆగస్టు నుంచి అలా కూడబెట్టిన నిమిషాలు జనవరికి కొన్ని రోజులవుతాయి. మంచొస్తే అందులోంచి ఖర్చు పెడతారు, క్యాలెండరు కదలదు. పిల్లలు శనివారం రానక్కర్లేదు. ఆడిటరు సంతృప్తిపడతాడు.

కాఫీ కప్పాయన సంతృప్తిపడలేదు. "నిమిషాలు సరేనండీ. మరి సిలబస్?"

అడగాల్సిన ప్రశ్నే. కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పరీక్షలు ఈసారి మే 1న మొదలవుతాయి. దేశం మొత్తానికీ ఒకే తేదీ, ఫ్లోరిడాలో ఎండలో కూర్చున్న పిల్లకూ ఇక్కడి పిల్లకూ అదే పరీక్ష. కాల్క్యులస్ టీచరు ఇవాళ పొద్దున బోర్డు మీద రెండు పాఠాల పేర్లు రాసి మధ్యలో ప్లస్ గుర్తు పెట్టింది. రెండూ ఒక్క గంటలో. కూడబెట్టిన నిమిషాలు చట్టానికి సరిపోయాయి, ఆవిడకు సరిపోలేదు.

ఇక్కడ మార్కుల మీద ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే 1997 నాటి చట్టం ఒకటి తెలియాలి. తమ బడిలో పై పది శాతంలో నిలిచినవాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని పెద్ద విశ్వవిద్యాలయం మాత్రం రద్దీ వల్ల 2023 నాటికి దాన్ని పై ఆరు శాతానికి కుదించుకుంది. ఆరు శాతమంటే పోటీ ఊరితో కాదు, పక్క బెంచీతో. అందుకే సబ్జెక్టుల ఫారం ఇవాళ తెరిస్తే ఇవాళే నలుగురూ వచ్చారు. కౌన్సెలర్ ఓపిగ్గా చెబుతోంది: వచ్చే ఏటికి ఏడు ఏపీలు తీసుకోవచ్చు, నిద్ర కూడా ఒక సబ్జెక్టేనని గుర్తుంచుకుంటే మంచిది. తండ్రి నవ్వాడు. ఫారంలో ఏడూ టిక్ పెట్టాడు. కూతురు ఆర్కెస్ట్రా వదలనంటోంది. ఆ ఒక్క గడి కోసం తండ్రీకూతుళ్ళ మధ్య తెలుగు ఇంగ్లీషుల్లో సన్నటి యుద్ధం.

*

మధ్యాహ్నం లెక్కల గదిలో ఎనిమిది మంది పిల్లలు పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. ఇది నంబర్ సెన్స్ జట్టు. పది నిమిషాల్లో ఎనభై లెక్కలు. చిత్తుకాగితం లేదు, కొట్టివేతలు లేవు, తప్పు రాస్తే తప్పే. ఆటల్నీ నాటకాల్నీ లెక్కల్నీ ఒకే గొడుగు కింద నడిపే యూఐఎల్ సంస్థ టెక్సస్‌లో 1910 నుంచి ఉంది. శనివారం జరగాల్సిన పోటీ మంచులో కొట్టుకుపోయింది, వచ్చే శనివారానికి మార్చారు. ఒక కుర్రాడు మాత్రం తల పట్టుకున్నాడు. శనివారాలు వాడికి మనబడి అనే తెలుగు బడిలో తరగతి. "అమ్మ చంపేస్తది," అన్నాడు. పక్కవాడు, "నాకు ఆదివారం. మార్చుకో," అన్నాడు. ఇద్దరూ తెలుగువాళ్ళే. స్టాప్‌వాచ్ నొక్కగానే మాటలాగిపోయాయి.

జిమ్ బయట మరో రకం లెక్క. పొడుగాటి అబ్బాయి ఒకడు ఫిజిక్సు టీచరు వెంట పడ్డాడు. గురువారం రాయాల్సిన మారు పరీక్ష రాయనివ్వాలి, ఇవాళే. ఏపీ లాంటి పై స్థాయివి తప్ప ఏ సబ్జెక్టులోనైనా 70కి తగ్గితే ఆటలో దిగనివ్వరు. వ్యాపారవేత్త రాస్ పెరో కమిటీ సూచనల మీద 1984లో వచ్చిన చట్టమది. అప్పట్లో ఫుట్‌బాల్ కోచ్‌లు కారాలు మిరియాలు నూరారు గానీ నిలబడింది. వీడి మార్కులు 68. మంచు పడకపోతే ఈపాటికి 70 దాటేవాణ్ణని వాడి వాదన. టీచరు వాచీ చూసుకుంది. "నాలుగున్నరకు రా. పెన్సిలు తెచ్చుకో."

*

సాయంత్రం ఆఖరి బస్సు పోయాక ఆడిటోరియంలో దీపాలు వెలిగాయి. ఏకాంక నాటకం జట్టు. యూఐఎల్ నాటక పోటీల తొలి మెట్టు మార్చిలో. నాటకం నలభై నిమిషాలు దాటకూడదు. అంతకుముందు ఖాళీ వేదిక మీద సెట్టు నిలబెట్టడానికి ఏడు నిమిషాలు, తర్వాత విప్పేయడానికి ఏడు. ఒక్క సెకను మించినా జట్టు మొత్తం అనర్హం. ఎంత గొప్పగా నటించారన్నది ఆ తర్వాతి మాట.

ఈ నిమిషాల్ని ఆగస్టు నుంచి కూడబెట్టడం కుదరదు. మంచు వారంలో నాలుగు సాయంత్రాలు పోయాయి, పిల్లలు వీడియో కాల్‌లో సంభాషణలు అప్పజెప్పారు. తల్లి వేషం వేసే అమ్మాయికి మాటలన్నీ వచ్చు. ఎటొచ్చీ ఆ తలుపు, ఆ బల్ల, ఆ మెట్లు వీడియోలో మొయ్యలేరు కదా.

మీరు ఐదో వరసలో కూర్చున్నారు. పొద్దున్న కొట్టంలో చూసిన అమ్మాయి ఇక్కడ కూడా ఉంది. చేతులకు గ్లవ్స్, తెరవెనుక బృందంలో. బూట్లకు ఇంకా చెక్కపొట్టు. నాటకం టీచరు వేదిక కింద నిలబడి చెయ్యెత్తింది.

"మొదలు!"

పరుగు. బల్ల వచ్చింది. మెట్లు వచ్చాయి. తలుపు చట్రం సగంలో ఇరుక్కుంది. ఇద్దరు తోస్తున్నారు, ఒకడు లాగుతున్నాడు, ముగ్గురూ ఒకేసారి అరుస్తున్నారు. మేకు ఎక్కడో పడిపోయింది. తాతయ్య తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు, మనవరాల్ని తీసుకెళ్ళడానికి అల్లుడితో వచ్చారు. "అటు పక్క ఎత్తండిరా, అటు పక్క!" అని తెలుగులో అరిచారు. ఎవరికి అర్థమైందో గానీ అటు పక్క ఎత్తారు. చట్రం లోపలికొచ్చింది.

"ఆపండి!" టీచరు స్టాప్‌వాచ్ చూసింది. "ఎనిమిది నిమిషాల పది సెకన్లు."

ఎవరూ కూర్చోలేదు. బల్ల మళ్ళీ వేదిక పక్క తెరల వెనక్కి పోతోంది. ఆ అమ్మాయి పడిపోయిన మేకు వెతుక్కుని, నోట్లో పట్టుకుని, చట్రం రెండో కాలు భుజాన వేసుకుంది.